ఆ ఇంటి నుంచి బయటికొచ్చాక కూడా వదలని భయం, ‘తప్పు నాదేనేమో’ అన్న బాధ

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. ఆరేళ్ల కాపురంలో భర్త కొట్టాడు, రెండుసార్లు గొంతు నులిమాడు. పాపను తీసుకుని పుట్టింటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ రాత్రి తొమ్మిది దాటాక వీధిలో బుల్లెట్ బండి చప్పుడు వినబడితే చేతులు చల్లబడిపోతాయి, వంటింట్లోకి వెళ్లి తలుపు వెనక నిలబడిపోతారు. తెల్లవారుజామున ఉలిక్కిపడి లేస్తారు. దానికి తోడు ‘నేనే నోరు అదుపులో పెట్టుకోలేదు’ అని ఒకసారి, ‘మొదటి దెబ్బకే వచ్చేయాల్సింది’ అని ఇంకోసారి మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారు. అమ్మ మర్చిపొమ్మంటోంది, పిన్ని సర్దుకుపోవాల్సిందంటోంది.

ఇందులో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. భయం ఒంట్లో ఉంటుంది, దానితో వాదిస్తే వినదు. ప్రమాదం లేదని ఒంటికి మళ్లీ మళ్లీ అనుభవమైతేనే అది తగ్గుతుంది. నింద ఆలోచనలో ఉంటుంది. అక్కడ ఊపిరి కసరత్తులు పనిచేయవు, లెక్క సరిచూసుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. గుండె దడదడలాడుతున్నప్పుడు ‘నా తప్పేం లేదు’ అని తమకు తాము నచ్చజెప్పుకుంటారు, నింద ముంచెత్తినప్పుడు ప్రాణాయామం మొదలుపెడతారు. రెండూ ఫలించక, ఇక తమకు ఏదీ పనిచేయదని నిర్ధారించుకుంటారు.

ఆ రెండింటి కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది: మీ భయంలో నిజమైన ప్రమాదం ఎంత? విడిపోతే ప్రమాదం పోయినట్టే అనుకుంటారు గానీ, విడిపోయే సమయమూ ఆ తర్వాతి నెలలే ఎక్కువ ప్రమాదకరం. అందులోనూ ఒక్కసారైనా గొంతు నులిమినవాడిని మామూలుగా చేయిచేసుకునేవాడితో కలిపి లెక్కవేయకూడదు, ప్రాణాపాయానికి అది పెద్ద హెచ్చరిక. కాబట్టి ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయండి. ఈ ఎనిమిది నెలల్లో ఆయన మీ వీధికి గానీ, పాప స్కూలుకు గానీ, మీ పనిచోటుకు గానీ వచ్చాడా? చంపుతాననో, చస్తాననో, పాపను ఎత్తుకుపోతాననో ఫోన్లో గానీ మనుషుల ద్వారా గానీ అన్నాడా? మీరు ఎవరికీ చెప్పని విషయాలు ఆయనకు తెలుస్తున్నాయా? ఒక్కదానికైనా అవునని వస్తే, మీ భయం తన పని తాను చేస్తోంది. దాన్ని తగ్గించుకునే సాధన పక్కనపెట్టి, ముందు రక్షణ చూసుకోండి.

మూడో ప్రశ్నకు అవునంటే మొదట ఫోన్ చూడండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే మీ ఖాతా ఇంకెక్కడ తెరిచి ఉందో కనబడుతుంది. గూగుల్ ఖాతాలో ‘సెక్యూరిటీ’ కింద మీ ఖాతాతో నడుస్తున్న పరికరాల జాబితా ఉంటుంది, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరికి పోతోందో ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చడంతో పాటు, రికవరీ కోసం ఇచ్చిన నంబరు ఆయనదేమో చూడండి. మన ఇళ్లలో భార్య సిమ్ భర్త పేరు మీద ఉండటం మామూలే. అలా ఉంటే నంబరు ఆయన చేతిలో ఉన్నట్టే, మీ పేరు మీద కొత్తది తీసుకోండి. అయితే వీటిని తొలగించే ముందు స్క్రీన్‌షాట్లు తీసి, బెదిరింపు మెసేజ్‌లతో పాటు నమ్మకమైన మనిషి దగ్గర ఒక కాపీ ఉంచండి. కోపంలో చాట్ మొత్తం చెరిపేసి, తర్వాత కోర్టులో చూపించడానికి ఏమీ లేక ఇబ్బందిపడేవాళ్లు చాలామంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2005 గృహహింస చట్టం కింద మీరిప్పుడు ఉంటున్న ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనే దరఖాస్తు వేయవచ్చు, అత్తగారి ఊరికి వెళ్లక్కర్లేదు. 18వ సెక్షన్ కింద ఆయన మీ దగ్గరికి రాకూడదని, ఫోన్ చేయకూడదని, పాప స్కూలు వైపు వెళ్లకూడదని రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. అవసరమైతే 23వ సెక్షన్ కింద ఆయన హాజరుకాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఉత్తర్వు ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొట్టడమే కాదు, మాటలతో హింసించడం, డబ్బు అందకుండా చేయడం కూడా ఈ చట్టంలో హింసే. జిల్లాలోని ప్రొటెక్షన్ ఆఫీసర్ గానీ సఖి వన్ స్టాప్ సెంటర్ గానీ దరఖాస్తుకు సాయం చేస్తారు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, దానికి 15100. మహిళా హెల్ప్‌లైన్ 181, అప్పటికప్పుడు ఆపద వస్తే 112.

గొంతు నులిమినప్పటి నుంచి గొంతు మారినా, మింగడం కష్టంగా ఉన్నా, తలకు దెబ్బలు తగిలి మతిమరుపు, తలనొప్పి, వెలుతురు పడకపోవడం ఉన్నా డాక్టరుకు ఆ మాట విడమరిచి చెప్పండి. ‘టెన్షన్ వల్ల’ అని మీరే తేల్చేసుకోవద్దు. తలదెబ్బ వల్ల వచ్చిన చిరాకుకు, నిద్రలేమికి చూసే వైద్యం వేరుగా ఉంటుంది.

ఇక ప్రమాదం లేకపోయినా మిగిలిపోయే భయం. ఆరేళ్లలో మీ మెదడు ఒక పాఠం గట్టిగా నేర్చుకుంది: బుల్లెట్ చప్పుడు, ఆ వెంటనే గేటు, ఆ వెంటనే దెబ్బ. ఆ పాఠం వల్లే అప్పుడు పాపను పక్కగదిలోకి పంపగలిగారు, గిన్నెలు సర్దేయగలిగారు. మీరు పుట్టింటికి వచ్చారన్న సంగతి ఆలోచనకు తెలుసుగానీ ఆ పాఠానికి తెలియదు. అందుకే చప్పుడు వినబడ్డ క్షణంలో, అసలేం జరుగుతోందో మీకు తట్టేలోపే చేతులు చల్లబడతాయి. ఇది పిరికితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు.

ఊపిరి విషయం ముందు చెబుతాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది అక్కడే. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని పక్కవాళ్లు అంటారు. భయంలో అప్పటికే ఎక్కువ పీలుస్తుంటారు, ఇంకా గట్టిగా పీలిస్తే తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి, ప్రాణం పోతోందనిపిస్తుంది. చేయాల్సింది వదిలే ఊపిరిని పొడిగించడం. ముక్కుతో మామూలుగా 4 లెక్కపెడుతూ పీల్చి, వేడి పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు పెదాలు మూతిచుట్టి 6 లెక్కపెడుతూ వదలండి. ఒక్కోసారి 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. మనసు కుదురుగా ఉన్నప్పుడే కనీసం రెండు వారాలు చేసి ఉంటే, భయం వచ్చినప్పుడు అందుకుంటుంది. కొందరికి కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తేనే భయం పెరుగుతుంది, గొంతు నులిమిన అనుభవం ఉన్నవాళ్లకు మరీనూ. అలాంటివాళ్లు ఊపిరి జోలికి పోవద్దు. కళ్లు తెరిచి, రెండు పాదాలను నేలకు పది క్షణాలు గట్టిగా నొక్కి వదలడం, లేదా చన్నీళ్లలో మణికట్లు పెట్టడం వాళ్లకు మేలు.

అయినా ఇవన్నీ పొంగును దించేవే తప్ప పాఠాన్ని మార్చేవి కావు. మార్చేది అప్పటికీ ఇప్పటికీ తేడా చూపించడం. బుల్లెట్ చప్పుడు వినబడగానే, వంటింట్లోకి వెళ్లకముందే, నిలబడ్డచోటే పైకి వినబడేలా ఇలా చెప్పండి: ‘అప్పటిలాగే ఉన్నది: చప్పుడు, రాత్రి వేళ. అప్పటిలా లేనిది: ఇది నాన్న ఇల్లు, గేటుకు లోపలి నుంచి తాళం ఉంది, ముందు గదిలో నాన్న టీవీ చూస్తున్నారు, ఫోన్ నా చేతిలో ఉంది, నా ఒంటి మీద దెబ్బల్లేవు, బండి ఆగలేదు, సందు దాటి పోయింది.’ తేడాలే ఎక్కువ ఉండాలి, అవి కంటికి కనబడేవీ చేతికి తగిలేవీ కావాలి. ‘నేను క్షేమంగా ఉన్నాను’ అని మంత్రంలా అనుకుంటే ఫలితం తక్కువ, ఎందుకంటే అందులో రుజువు లేదు. అయిదు వస్తువులు చూడు, నాలుగు ముట్టుకో అనే పద్ధతి మీరు ఎక్కడో చదివే ఉంటారు. దాన్నీ గుడ్డిగా లెక్కపెడుతూ పోతే ఉపయోగం లేదు, చూసే ప్రతి వస్తువూ ‘ఇది ఆ ఇంట్లో లేదు’ అని చెప్పాలి. ఈ తేడా చూసే పనిని మొదటి వారం పగటిపూట, పాప వీడియో గేమ్ ఆడుకుంటుండగా వచ్చే చిన్న చిన్న ఉలికిపాట్ల మీద సాధన చేయండి.

రాత్రుళ్లకు మంచం పక్కన ఒక చీటీ పెట్టుకోండి. పెద్ద అక్షరాలతో మూడు ముక్కలు: ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ సంవత్సరం. ఉలిక్కిపడి లేవగానే దీపం వేసి, కాళ్లు కింద పెట్టి, అది చదివి, నాలుగు గుక్కల నీళ్లు తాగి అప్పుడు పడుకోండి. పావుగంటలో నిద్ర పట్టకపోతే మంచం దిగి కుర్చీలో కూర్చోండి, లేదంటే మంచం చూస్తేనే భయం మొదలవుతుంది. ఒకే పీడకల తిరిగి తిరిగి వస్తుంటే పగలు దాన్ని కాగితం మీద రాసి, మీకు నచ్చినచోట మలుపు మార్చండి. తలుపు తెరుచుకుంటే లోపలికి వచ్చేది మీ చిన్నప్పటి స్నేహితురాలు కావచ్చు. తర్కం అక్కర్లేదు. మార్చిన కలను రోజూ పగలు పది, పదిహేను నిమిషాలు కళ్ల ముందు నడిపించుకోవాలి. రెండు మూడు వారాల్లో చాలామందికి కల పలచబడుతుంది. నిద్రలో అరుస్తుంటే మీ అమ్మగారు వచ్చి తట్టి లేపకూడదని చెప్పండి. గుమ్మం దగ్గరే ఆగి, దీపం వేసి, పేరుపెట్టి పిలవాలి.

మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రల గురించి గట్టిగానే చెబుతాను. ఇంట్లో ఎవరో ఒకరు ‘సగం ముక్క వేసుకో’ అంటూనే ఉంటారు. ఇలాంటి భయానికి ఆ మాత్రలు వాడవద్దని అమెరికాలో మాజీ సైనికుల వైద్యానికి రాసిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. రాత్రి గడుస్తుంది కానీ అలవాటుగా మారుతుంది, ఆపితే రెట్టింపు భయం వస్తుంది, పైగా మెదడు కొత్త పాఠం నేర్చుకునే అవకాశాన్ని మొద్దుబారుస్తుంది. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

తర్వాతిది తప్పించుకు తిరగడం. భయం వేసిన చోటల్లా మానేస్తూ పోతే మొదట సంతకు వెళ్లడం ఆగుతుంది, తర్వాత గుడి, తర్వాత పాప స్కూలు, చివరికి వరండా. దీనికి మెట్ల పట్టీ వేయండి. 0 అంటే భయం లేదు, 100 అంటే తట్టుకోలేనంత. ‘సాయంత్రం గేటు దగ్గర పది నిమిషాలు నిలబడటం, 30. తమ్ముడితో కిరాణా కొట్టుకు, 40. ఒక్కదాన్నే కొట్టుకు, 55. బస్టాండులో అరగంట కూర్చోవడం, 70.’ 30, 40 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టును వారంలో నాలుగైదుసార్లు చేయండి. భయం శిఖరంలో ఉన్నప్పుడు ఇంటికి పరుగెత్తడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అలా చేస్తే ‘పరుగెత్తాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసుకుంటుంది. సగానికి దిగేదాకా, లేదా అనుకున్నది జరగలేదని తేలేదాకా అక్కడే ఉండాలి. రెండో పొరపాటు, కొట్టుకు వెళ్లినంతసేపూ ఫోన్లో అక్కతో మాట్లాడుతూ ఉండటం. మనిషి అక్కడుంటుంది, ఒంటికి పాఠం అందదు. ఆయన ఉండే వీధిని, ఆయన బంధువుల ఊరిని ఈ పట్టీలో చేర్చొద్దు. అవి నిజమైన ప్రమాదాలు.

ఇప్పుడు నింద. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ‘నీ తప్పేం లేదమ్మా’ అని పదిమంది చెప్పినా మీకు నమ్మబుద్ధి కావడం లేదు కదా. అలా నమ్మకపోవడానికి కారణాలున్నాయి.

ఒకటి, నింద మీకు ఏదో ఇస్తోంది. తప్పు నాదైతే నేను మారితే మళ్లీ జరగదు. తప్పు నాది కాకపోతే ఏం చేసినా ఆ దెబ్బలు ఆగేవి కావు, ఆ ఆరేళ్లూ నా చేతిలో ఏమీ లేదు. రెండో మాట మొదటిదానికంటే భరించడం కష్టం. అందుకే మనసు మొదటిదాన్ని పట్టుకుని వేలాడుతుంది. నింద సడలుతున్న కొద్దీ తేలిక కలుగుతుందని ఎదురుచూస్తారు, కానీ చాలామందికి ముందు వచ్చేది ఏడుపు, ఆ తర్వాత కోపం. ఆ దశలో ‘ఇంకా పాడైపోతున్నాను’ అనుకుని ఆపేయకండి.

రెండోది, ఆ మాటలు మీవి కాకపోవచ్చు. మిమ్మల్ని మీరు తిట్టుకునే వాక్యాలను ఒక వారం పాటు అక్షరం పొల్లు పోకుండా రాయండి. ‘నీకు నోరెక్కువ’, ‘నీ పెంపకం అలాంటిది’, ‘నన్నిలా చేసింది నువ్వే’. పక్కన ‘మొదట ఎవరన్నారు’ అని ఇంకో గడి పెట్టి నింపండి. సగానికి పైగా ఆయనవో అత్తగారివో అయి ఉంటాయి. కొట్టేవాళ్లు కొట్టాక కారణం కూడా చెబుతారు, ఆరేళ్లు వింటే అది మన గొంతులోనే వినబడుతుంది.

మూడోది, లెక్కలో సందర్భాన్నీ కారణాన్నీ కలిపేశారు. కూరలో ఉప్పెక్కువైంది, లేదా మీరు ఎదురు మాట్లాడారు. అది సందర్భం. చెయ్యెత్తడం ఆయన తీసుకున్న నిర్ణయం. అది నిర్ణయమేనా, కోపంలో ఒళ్లు తెలియక చేశాడా అన్న అనుమానం ఉంటే ఈ వివరాలు గుర్తు తెచ్చుకోండి. ఆఫీసులో పైఅధికారి తిట్టినప్పుడు ఆ అధికారి మీద చెయ్యెత్తాడా? చుట్టాలు వచ్చినప్పుడు ఆపుకోగలిగాడా? దెబ్బలు జాకెట్టు, చీర కప్పేచోట పడ్డాయా, ముఖం మీద పడ్డాయా? తాగినప్పుడు తోటి తాగేవాళ్లను కొట్టాడా, ఇంటికొచ్చి మిమ్మల్నే కొట్టాడా? ఎవరి దగ్గర ఆపుకోవాలో తెలిసినవాడికి ఆపుకోవడం వచ్చు.

దీన్ని అంకెల్లో పెట్టే పద్ధతి ఉంది. ఒక గుండ్రం గీసి, ఒక్క సంఘటనను మాత్రమే తీసుకోండి, ఆరేళ్ల కాపురాన్ని మొత్తంగా కాదు. ఆ రాత్రి ఆ దెబ్బ పడటానికి కారణమైన ప్రతి ఒక్కరినీ, ప్రతి ఒక్కదాన్నీ జాబితా రాయండి: కొట్టాలన్న ఆయన నిర్ణయం, పక్కగదిలో వింటూ టీవీ శబ్దం పెంచిన మామగారు, అంతకుముందు పంచాయతీ పెట్టి ‘ఇకనుంచి బాగుంటాడు’ అని వెనక్కి పంపిన పెద్దమనుషులు, అదనపు కట్నం ఒత్తిడి, మీ జీతం ఆయన ఖాతాలో పడటం. ఒక్కొక్కరికీ శాతం వేయండి. మీ పేరు ఆఖరున రాయాలి. ఈ వరుస ముఖ్యం. ముందే మీ పేరు రాస్తే అలవాటుగా 80 వేసేస్తారు, చివర రాస్తే మిగిలింది చూసి మీరే ఆగుతారు. మిగిలిన ఆ కాస్తలో నిజంగా ఏ పని ఉందో అడగండి. ‘గట్టిగా మాట్లాడాను’ అన్నది గొడవలో మీ వాటా కావచ్చు. దెబ్బలో వాటా కాదు.

‘ముందే ఎందుకు రాలేదు’ అన్నదానికి వేరే కాగితం. రెండు గడులు: ‘ఆ రోజు నాకు తెలిసినవి’, ‘తర్వాత తెలిసినవి’. మొదటి దెబ్బ రోజు ఎడమ గడిలో ఏముంటుంది? పెళ్లయి నాలుగు నెలలు. మర్నాడు ఆయన ఏడ్చాడు, కాళ్లు పట్టుకున్నాడు, అమ్మ మీద ఒట్టేశాడు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. నాన్నకు స్టెంట్ వేశారు. బంగారం అత్తగారి బీరువాలో ఉంది. అమ్మకు చెబితే ‘మగాడు, కోపం సహజం’ అంది. కుడి గడిలో: ఇది ఆరేళ్లు సాగుతుందని, గొంతు దాకా వస్తుందని. మీరు కుడి గడిలోని సమాచారంతో ఎడమ గడిలోని అమ్మాయికి శిక్ష వేస్తున్నారు. ఎడమవైపు ఉన్నవాటితో ఇంకో అమ్మాయి మీ ముందు కూర్చుంటే ఆమెకు ఏం చెబుతారో, అది కింద రాయండి. మధ్యమధ్య ఆయన బాగా చూసుకున్న రోజులు ఉండటం కూడా ఎడమ గడిలోకే వస్తుంది. ఎప్పుడూ చెడ్డగా ఉండే మనిషిని వదలడం కంటే, అప్పుడప్పుడూ బాగుండే మనిషిని వదలడం కష్టం. ఇప్పటికీ ఆయన గుర్తొచ్చి బెంగగా ఉంటే, అదీ అక్కడి నుంచే. తిరిగి ఆయన దగ్గరికి వెళ్లడానికి అది ఆధారం కాదు, సిగ్గుపడాల్సిన విషయం కూడా కాదు.

‘అరవలేదు, తోసెయ్యలేదు, బొమ్మలా నిలబడిపోయాను’ అన్న బాధ మీకుందో లేదో రాయలేదు గానీ చాలామందికి ఉంటుంది. పారిపోలేని, తిరగబడలేని స్థితిలో ఒళ్లు బిగుసుకుపోవడం, గొంతు పెగలకపోవడం శరీరం దానంతటది చేసే పని. అది మీరు ఎంచుకున్నది కాదు కాబట్టి ‘ఒప్పుకున్నట్టు’ కూడా కాదు.

ఇక ఎవరూ ముట్టుకోని విషయం. నిజమైన తప్పు కొంచెం ఉండొచ్చు. ఆయన మీద కోపం పాప మీద చూపించి రెండు దెబ్బలు వేసి ఉండొచ్చు. తమ్ముడితో అబద్ధాలు చెప్పి ఉండొచ్చు. ‘నీ తప్పేం లేదు’ అన్న ఓదార్పు మీకు అతకకపోవడానికి ఇదే కారణం అయితే, దాన్ని దాచొద్దు, వేరు చేయండి. నిజమైన తప్పుకు పేరుంటుంది, తేదీ ఉంటుంది, సరిదిద్దే దారి ఉంటుంది. పాపకు ‘ఆ రోజు నిన్ను కొట్టాను, అది నా తప్పు, నువ్వేం చేయలేదు, ఇక కొట్టను’ అని ఆమె వయసుకు తగ్గట్టు ఒక్కసారి చెప్పి, మాట నిలబెట్టుకుంటే ఆ లెక్క అక్కడితో మూసుకుంటుంది. పేరూ తేదీ లేకుండా ‘అంతా నా వల్లే, నేనే సరిగ్గా లేను’ అని ఉంటే అది తప్పు కాదు, ఆయన వదిలివెళ్లిన సిగ్గు. దానికి ప్రాయశ్చిత్తం లేదు, ఎందుకంటే చేసిన పనేదీ లేదు.

పిన్నిగారితో వాదన పెట్టుకోవద్దు. ఆమె ఒప్పుకునేదాకా మీకు శాంతి లేదన్న స్థితి తెచ్చుకుంటే ఓడిపోతారు. ముందే అనుకున్న ఒకటే వాక్యం, ఒకటే గొంతుతో: ‘పిన్నీ, ఆ విషయం నేను మాట్లాడను. కాఫీ పెట్టనా?’ మళ్లీ అంటే మళ్లీ అదే. మూడోసారి లేచి పక్కగదిలోకి వెళ్లండి. పెళ్లిళ్లకు, సంక్రాంతికి ‘అల్లుడు రాలేదా’ అని అడిగేవాళ్లు ఉంటారు. ‘రాలేదండీ’ చాలు, కారణం ఎవరికీ బాకీ లేరు. అమ్మగారికి మాత్రం పని అప్పగించండి. ‘మర్చిపో’ అనకుండా, వివరాలు అడగకుండా, రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు పక్కన కూర్చోమని అడగండి. ఏం చేయాలో తెలియకే చాలామంది తల్లులు ‘మర్చిపో’ అంటారు.

కోర్టు వాయిదా ఉన్న వారం అన్నీ వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది, అది ముందే ఊహించుకోండి. ఆ రోజు ఒకరిని తోడు తీసుకెళ్లండి, వరండాలో ఆయనకు ఎదురుపడకుండా వేరేచోట కూర్చోబెట్టమని లాయరుకు ముందురోజే చెప్పండి, ఏమైనా తినే బయల్దేరండి. తిరిగొచ్చాక ఆ రోజుకు ఇంకే పనీ పెట్టుకోవద్దు.

వైద్యం ఎప్పుడు? దెబ్బలు ఆగి నెల దాటినా జరిగినవి కళ్ల ముందుకు రావడం, తప్పించుకు తిరగడం, ఉలికిపాటు, నింద తగ్గకపోతే దాన్ని పీటీఎస్‌డీ అంటారు, దానికి ఖచ్చితమైన చికిత్స ఉంది. మీకు ఎనిమిది నెలలైంది, కాబట్టి పైన చెప్పినవి చేస్తూనే ఇప్పుడే చూపించుకోండి. పోలీస్ స్టేషన్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి కలిపే ప్రయత్నం చేసే కౌన్సెలింగ్ వేరు, ఇది వేరు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టును వెతికి, ఫీజు కంటే ముందు అడగాల్సింది: ట్రామాకు, అంటే ఇలాంటి హింస మనసులో మిగిల్చిన గాయానికి, ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు? కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఈఎండీఆర్ అన్న పేర్లలో ఏదో ఒకటి వినిపించాలి. మొదటిది సాధారణంగా 12 సిట్టింగులు, నిందతో బాధపడేవాళ్లకు బాగా నప్పుతుంది. రెండోది 8 నుంచి 15. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలని పట్టుబడితే మర్యాదగా లేచి వచ్చేయండి. హింస జరిగిన కాపురంలో కలిపి కూర్చోబెట్టే సిట్టింగులు ప్రమాదం. మందు అవసరమైతే సైకియాట్రిస్టు సాధారణంగా సెర్ట్రలైన్ లాంటిది మొదలుపెడతారు. తేడా తెలియడానికి నాలుగైదు వారాలు పడుతుంది, మొదటి పది రోజులు కడుపులో తిప్పడం, కంగారు కొంచెం పెరగడం ఉండొచ్చు. బాగానే ఉందని మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు.

డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చూపించుకోవచ్చు. హైదరాబాద్ వాళ్లకు ఎర్రగడ్డ, ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ మానసిక వైద్యశాల ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, రాత్రి ఏ వేళైనా సరే ఆ నంబరుకు చేయండి, ఆ రాత్రి ఇంట్లో ఒకరిని పక్కన పడుకోమనండి, మాత్రలు, పురుగుమందు ఉన్నచోటికి తాళం వేయించండి.

మొదటి సిట్టింగులో కథంతా చెప్పాలన్న భయంతోనే చాలామంది వెళ్లరు. చెప్పక్కర్లేదు. ‘ఆరేళ్లు భర్త కొట్టాడు, రెండుసార్లు గొంతు నులిమాడు, ఎనిమిది నెలల కింద బయటికొచ్చాను, నిద్ర లేదు, బండి చప్పుడుకు భయం, నన్ను నేనే తిట్టుకుంటున్నాను, వివరాలు ఇప్పుడే చెప్పలేను.’ ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసుకుని, నోరు పెగలకపోతే కాగితమే చేతికివ్వండి.